ఉత్తరాయణం జనవరి 14న ఎందుకు? సూరత్ ఆకాశంలో దీపాల లెక్క

జనవరి 14 రాత్రి సూరత్ మేడల మీద నిలబడితే ఆకాశంలో దీపాలు వరుసగా కదులుతూ కనిపిస్తాయి. వాటిని ‘తుక్కల్’ అంటారు. కాగితపు గూడులో కొవ్వొత్తి వెలిగించి, ఎగురుతున్న గాలిపటం దారానికి కట్టి పైకి వదులుతారు. గుజరాతీలకు ఇది ‘ఉత్తరాయణ్’. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంక్రాంతి.

సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు ఇదేనని చాలామంది నమ్మకం. కానీ ఆ మలుపు డిసెంబరు 21 లేదా 22నే జరిగిపోతుంది. ఆ రోజు సూరత్‌లో పగలు సుమారు 10 గంటల 50 నిమిషాలు. జనవరి 14 నాటికి అది మరో ఆరేడు నిమిషాలు పెరిగి ఉంటుంది.

మరి పండుగ ఎందుకు వెనకబడింది?

భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగుతూ సుమారు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందువల్ల నక్షత్రాల ఆధారంగా లెక్కించే సంవత్సరం, రుతువుల సంవత్సరం కంటే దాదాపు 20 నిమిషాలు ఎక్కువ. సంక్రాంతిని నక్షత్ర రాశుల ప్రకారం లెక్కిస్తారు కాబట్టి సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున అది ముందుకు జరుగుతోంది. దాదాపు 1,700 ఏళ్ల క్రితం మకర సంక్రాంతి, సూర్యుడి మలుపు ఒకే సమయంలో వచ్చేవి.

ఇతర దేశాల్లోనూ ఇలాంటి కథలున్నాయి. స్వీడన్‌లో డిసెంబరు 13న కొవ్వొత్తులతో లూసియా పండుగ చేస్తారు. 14వ శతాబ్దంలో, పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం, ఏడాదిలో అతి పొడవైన రాత్రి దాదాపు ఆ తేదీనే వచ్చేది. 1753లో స్వీడన్ గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. పొడవైన రాత్రి 21వ తేదీ దగ్గరకు వెళ్లినా, పండుగ 13నే నిలిచిపోయింది. ఇరానీయుల యల్దా మాత్రం నేటికీ అతి పొడవైన రాత్రినే వస్తుంది. వారి క్యాలెండర్ రుతువులను అనుసరించడమే దీనికి కారణం.

ఎవరైనా గమనించగలిగే విశేషం మరొకటుంది. పగలు పెరుగుతున్నా, జనవరి మధ్యలో సూరత్‌లో సూర్యోదయం డిసెంబరు 21 కంటే ఆలస్యంగా, ఉదయం 7.20 ప్రాంతంలో అవుతుంది. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వంగి ఉండటం వల్ల ఈ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి చేరే సమయం గడియారంలో రోజురోజుకూ ఆలస్యమవుతూ ఉంటుంది. పెరిగిన వెలుగంతా సాయంత్రానికే చేరుతుంది. సూర్యాస్తమయం దాదాపు పావుగంట ఆలస్యమవుతుంది.

ఆ సాయంత్రమే పక్షులు గూళ్లకు మళ్లే వేళ. గాజుపొడి పూసిన మాంజా వాటి రెక్కలను కోస్తుంది. నైలాన్ మాంజా మట్టిలో కలిసిపోదు కనుక పండుగ ముగిశాక కూడా చెట్ల మీద ఉచ్చులా వేలాడుతుంది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. తుక్కల్‌తోనూ జాగ్రత్త అవసరమే. దారం తెగితే మండుతున్న కొవ్వొత్తి ఎక్కడ పడుతుందో చెప్పలేం. సూరత్ బట్టల గోదాముల ఊరు. కొవ్వొత్తి స్థానంలో చిన్న ఎల్ఈడీ దీపం పెట్టి, నూలు దారం వాడి, పక్షులు తిరిగే ఉదయం, సాయంత్రం వేళల్లో గాలిపటాలను దించితే ఆకాశంలో వెలుగూ ఉంటుంది, రెక్కలూ ఉంటాయి.