ధ్రువతార ధ్రువమేనా?

'ధ్రువం' అనే సంస్కృత పదానికి కదలనిది, నిశ్చలమైనది అని అర్థం. సవతి తల్లి మాటకు నొచ్చుకొని అడవికేగి తపస్సు చేసిన బాలుడు చలించని స్థానాన్ని వరంగా పొందాడని భాగవత కథ. ఉత్తరదిక్కున, హైదరాబాదు నుంచి చూసేవారికి దిగంతానికి సుమారు 17 డిగ్రీల ఎత్తున కనిపించే నక్షత్రాన్ని మనం ఆ బాలుని పేరుతోనే పిలుస్తాం. తక్కిన చుక్కలన్నీ రాత్రంతా దాని చుట్టూ తిరుగుతుంటే అది మాత్రం ఉన్నచోటనే ఉన్నట్లుంటుంది. కాని ఈ గౌరవం దానికి శాశ్వతం కాదు. వేయేళ్ల కిందట అది ధ్రువస్థానానికి దాదాపు ఆరు డిగ్రీల దూరంలో ఉండేది. క్రీ.పూ. 2800 ప్రాంతంలో ఆ స్థానంలో ఉన్నది థూబన్ అనే మరొక చుక్క. నేటికి సుమారు 12 వేల ఏళ్ల తరువాత అక్కడికి చేరువయ్యేది అభిజిత్తు. ఇది ప్రధానంగా నక్షత్రాలు చోటు మారినందువల్ల జరిగేది కాదు. వాటివైపు చూపుతున్న భూమి అక్షమే కదులుతున్నందువల్ల జరిగేది.

తాడు చుట్టి వదిలిన బొంగరాన్ని గమనిస్తే ఈ కదలిక అర్థమవుతుంది. వేగం తగ్గేకొద్దీ బొంగరం ఒరుగుతుంది. ఒరిగినా వెంటనే పడిపోదు. దాని తల గాలిలో చిన్న వలయం గీస్తూ ఊగుతుంది. భూమ్యాకర్షణ దానిని పడగొట్టజూస్తుంది. అయితే వేగంగా తిరుగుతున్న వస్తువు అక్షం తనను నెట్టిన దిక్కుకు వంగదు, దానికి అడ్డంగా జరుగుతుంది. సైకిలు చక్రాన్ని ఇరుసు పట్టుకొని గిరగిర తిప్పి పక్కకు వంచబోయినవారికి ఈ మొండితనం చేతికే తెలుస్తుంది.

భూమి కూడా ఒరిగి తిరిగే బొంగరమే. దాని అక్షం కక్ష్యాతలానికి గీసిన లంబం నుంచి 23.4 డిగ్రీలు వాలి ఉన్నది. పైగా భూమి నిండు గోళం కాదు. భ్రమణం వల్ల నడుము ఉబ్బి, భూమధ్యరేఖ వద్ద వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసం కంటే సుమారు 43 కిలోమీటర్లు అధికమైంది. ఈ ఉబ్బును సూర్యచంద్రులు లాగడమే అక్షచలనానికి కారణమని 1687లో వెలువడిన 'ప్రిన్సిపియా'లో న్యూటన్ వివరించాడు. ఇందులో చంద్రుని వాటా సూర్యుని వాటాకు ఇంచుమించు రెట్టింపు. బొంగరానికీ భూమికీ ఒక భేదమున్నది: బొంగరాన్ని ఆకర్షణ పడగొట్టజూస్తే, భూమిని సూర్యచంద్రులు నిటారుగా నిలబెట్టజూస్తారు. అందుచేతనే భూమి తల తన భ్రమణానికి ఎదురు దిశలో తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 25,800 ఏళ్లు పడుతుంది.

ఇంత నెమ్మది కదలికను మనిషి ఎట్లా కనిపెట్టాడు? క్రీ.పూ. రెండవ శతాబ్దంలో గ్రీకు ఖగోళజ్ఞుడు హిప్పార్కస్ చిత్రా నక్షత్ర స్థానాన్ని కొలిచి, తనకు సుమారు 150 ఏళ్ల ముందు టిమోకారిస్ కొలిచిన స్థానంతో పోల్చాడు. శరద్విషువత్తు నుంచి దాని దూరంలో రెండు డిగ్రీల తేడా వచ్చింది. కొలతకు ఆధారమైన విషువద్బిందువే జరిగిందని ఆయన గ్రహించాడు. ఒక డిగ్రీ జరగడానికి దాదాపు 72 ఏళ్లు, అంటే ఒక నిండు జీవితం, పడుతుంది. మునుపటివాడు తన కొలతను రాసి ఉంచకపోతే తరువాతివాడు ఎంత ప్రతిభావంతుడైనా చేయగలిగింది లేదు.

ఈ చలనం మన పండుగలోనూ కనిపిస్తుంది. సూర్యుడు దక్షిణపు హద్దు చేరి ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం మకర సంక్రాంతి జరుపుకొనేది జనవరి 14 లేదా 15న. పంచాంగకర్తలు రాశులను నక్షత్రాలను అనుసరించి లెక్కిస్తారు. ఋతువులు విషువత్తులను అనుసరిస్తాయి. ఈ రెండు లెక్కల మధ్య అంతరమే అయనాంశ. అది నేడు సుమారు 24 డిగ్రీలు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం అయనాంశను నిర్ణయించడానికి ఆధారం చేసుకొన్నది కూడా చిత్రా నక్షత్రాన్నే. ఆ లెక్క ప్రకారం క్రీ.శ. 285 ప్రాంతంలో సంక్రాంతీ ఉత్తరాయణారంభమూ ఒక్కటిగా ఉండేవి. పంచాంగం తప్పని దీని అర్థం కాదు. అది అనుసరించే గడియారం వేరు.

అక్షం గీసే ఈ పెద్ద వలయం నున్నగా ఉండదు. 18.6 ఏళ్లకొకసారి భూమి స్వల్పంగా తల పంకిస్తుందని 1748లో జేమ్స్ బ్రాడ్లీ ప్రకటించాడు. చంద్రుని కక్ష్య సూర్యమార్గాన్ని ఖండించే బిందువులు అంతకాలంలో ఒక చుట్టు తిరుగుతాయి. వాటినే మనవారు రాహుకేతువులన్నారు. అంగారకుని సంగతి మరీ విచిత్రం. మన చంద్రునివంటి పెద్ద తోడు లేని ఆ గ్రహం వాలు, కోట్ల ఏళ్లలో 0 నుంచి 60 డిగ్రీల దాకా మారగలదని 1993లో వెలువడిన గణనలు తెలిపాయి.

ఇంతవరకు చెప్పినవి బయటి ఆకర్షణ వల్ల కలిగేవి. భూమి తనంతట తానుగా ఊగే ఊగు మరొకటి ఉన్నది. దానిని 1891లో అమెరికాకు చెందిన సేత్ చాండ్లర్ వెల్లడించాడు. సుమారు 433 రోజుల ఆవర్తనంతో ధ్రువబిందువు భూతలంపై కొన్ని మీటర్ల మేర తిరుగుతుంటుంది. గాలి, సముద్రజలం తమ భారాన్ని అటూ ఇటూ మార్చుకోవడం వల్లనే ఈ ఊగు ఆగకుండా సాగుతున్నది. ఎక్కడ ఎంత బరువు ఉన్నదో దానిని బట్టి భ్రమణం సర్దుకొంటుంది. చక్రం అంచున చిన్న ముద్ద అంటించినా తిరుగుడు తేడా పడినట్లే ఇదీను.

భూగర్భజలం కూడా బరువే. 1993 నుంచి 2010 వరకు మానవులు తోడిన భూగర్భజలం వల్ల ధ్రువం సుమారు 80 సెంటీమీటర్లు తూర్పుదిశగా జరిగిందని 2023లో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞుడు సియో, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఆ కాలంలో తోడిన నీరు సుమారు 2,15,000 కోట్ల టన్నులని అంచనా. బోరుబావి నుంచి పైకి వచ్చిన నీరు పొలం తడిపి, ఆవిరై, వానై, ఏరులలో కలిసి చివరకు అధికభాగం సముద్రం చేరుతుంది. తిరిగి ఆ పాతాళానికి దిగదు. ఇట్లా నీటి బరువు ఎక్కువగా చోటు మారిన ప్రాంతాలు రెండు. ఒకటి అమెరికా ఖండపు పశ్చిమ భాగం, రెండవది వాయవ్య భారతదేశం.