మిల్లు మూతబడిన ఊరు, మగ్గమాడుతున్న ఊరు

ఇంగ్లండులో ఒకప్పుడు బట్టల మిల్లులతో బ్రతికిన ఊళ్ళు ఎన్నో ఉన్నవి. మిల్లులు మూతబడిన పిమ్మట వాటిలో కొన్ని, సెలవునాడు జనము కుటుంబాలతో వచ్చి అంగళ్ళు చూచుకొని, తోటలో తిరిగి, పిల్లలను ఆడించుకొని పోయే ఊళ్ళుగా మారినవి. మిట్టేమరిలో కూర్చొని ఆ సంగతి మనకెందుకు అని కొందరు అడుగవచ్చును. కాని బెంగుళూరు నుంచి లేపాక్షికి పోయే కుటుంబాల కార్లు ఆదివారమునాడు మన బాగేపల్లి మీదుగానే పోతున్నవి. వారి చేతిలో డబ్బున్నది, సాయంకాలము దాకా తీరికయున్నది. వారు దారిలో గుడ్డ కొంటే ఆ డబ్బు ఎవరింటికి చేరుతున్నది? ఈ పాఠములో మనము విచారించవలసినది ఇదే.

1. సాల్టేర్ కథ

యార్క్‌షైరులో బ్రాడ్‌ఫర్డు దాపున సాల్టేర్ అనే ఊరున్నది. టైటస్ సాల్ట్ అనే ఉన్నిబట్టల వ్యాపారి పేరును, ప్రక్కన పారే ఏర్ నది పేరును కలిపి ఆ పేరు పెట్టినారు. (ఇది మన ‘ఏరు’ కాదు, ఆ నది పేరే అది.) 1853లో అక్కడ పెద్ద మిల్లు తెరిచి, పనివారికి రాతి ఇళ్ళు కట్టించినాడు. 1871లో నది ఆవలి ఒడ్డున తోట తెరిచినారు. చదువుకొనుటకు, ఉపన్యాసాలు వినుటకు, ఆటలాడుటకు ఒక భవనము కూడ లేచినది. ఊరిలో సారా అంగడికి మాత్రము చోటీయలేదు.

పనివారికి వినోదమనేది ఊరకే రాలేదని గుర్తుంచుకోవలెను. బట్టల మిల్లులలో స్త్రీలకు, చిన్నవయసు పనివారికి శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు పని ముగియవలెనని 1850లో ఫ్యాక్టరీ చట్టము వచ్చినది. లాంకషైరు నూలుమిల్లుల ఊళ్ళయితే వేసవిలో వంతుల ప్రకారము ఒక్కొక్క ఊరు వారము రోజులు పని ఆపి, కుటుంబాలతో రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి పోయేది. ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా దాచిన డబ్బు ఆ వారానికి ఖర్చయ్యేది.

1986లో సాల్టేర్ మిల్లు ఆగిపోయినది. మరుసటి ఏడు జోనథన్ సిల్వర్ అనే దుస్తుల వ్యాపారి ఆ కట్టడమును కొని, బ్రాడ్‌ఫర్డులోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలను అందులో ప్రదర్శనకు పెట్టినాడు. క్రమముగా పుస్తకాల అంగడి, ఇంటి సామానుల అంగడి, భోజనశాల వచ్చినవి. లోపలికి పోవుటకు రుసుము లేదు. జనము బొమ్మలు చూచి, ఏదో ఒకటి కొని, తిని, కాలువగట్టున నడిచి పోతారు. 2001లో ఆ ఊరు ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది.

2. అక్కడ మిగలనిది

కట్టడము నిలిచినది, ఊరు పాడుపడలేదు. ఇది మెచ్చుకోదగినదే. కాని ఆ మిల్లులో నాడె ఆడుటలేదు. వచ్చినవారు నేత చరిత్రను చూస్తారుగాని నేతను చూడరు. అంగడి లాభము నేతగాని ఇంటికి పోదు; ఎందుకంటే ఆ మిల్లులో నేతగాడే లేడు. పని పోయిన తరువాత వచ్చిన సందడి పనివాని బిడ్డలకు ఆ పనిని తిరిగి ఇయ్యలేదు.

3. పోచంపల్లి చూపిన దారి

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరములోని భూదాన్ పోచంపల్లి సంగతి వేరు. 1951లో వినోబాభావే భూదానము అక్కడే మొదలైనది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచినది. అక్కడికి పోయినవారు పోగును కట్టి రంగులో ముంచుట, ఆ రంగుపోగు మగ్గము మీద పువ్వుగా తేలుట కండ్లారా చూస్తారు. చూచినవారికి ధర ఎందుకంతయో వేరే చెప్పనక్కరలేదు. మగ్గము ఆడుతుండగా జనము రావలెను. ఆగిన తరువాత కాదు.

4. మన చేతిలో ఉన్నదేమి?

శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత మన జిల్లాలోనే ఉన్నది. అటు ధర్మవరము పట్టుచీరలకు పేరుపడినది. లేపాక్షి గుడి పైకప్పు చిత్రాలలోని చీరల అంచులు, స్తంభాల మీది లతలు నేటికీ మన నేతకు నమూనాలు. గుడిబండ కోట, కైవారము, గడిదం వెంకటరమణస్వామి గుడి ఒక దినములో చూడదగిన చోట్లు. పట్టుగూడు మొదలు చీరదాకా ఒకే దారిలో చూపగల ప్రాంతము మనది.

లాభమును ఒక లెక్కతో చూతము. ఇది ఉదాహరణ మాత్రమే. ఒక చీరకు పట్టు, జరీ, అద్దకము కలిపి 6,000 రూపాయలు, పని 12 రోజులు అనుకొందము. షావుకారుకు 9,000కు ఇస్తే రోజుకు 250 రూపాయలు. నేరుగా 12,000కు అమ్మి, అంగడి ఖర్చు 1,200 పోయినా రోజుకు 400. ఇందులో కండెలు చుట్టిన ఇల్లాలి కష్టము కూడ చేరియున్నది. అయితే చీర అమ్ముడుపోకుంటే పెట్టుబడి పెట్టెలో చిక్కుకుంటుంది. కనుక ఒంటరిగా కాక పదిళ్ళవారు కలిసి సంఘము పేరున అంగడి పెట్టుట క్షేమము.

5. ఆచరణలో గమనించవలసినవి

అ) షికారుకు వచ్చిన ప్రతి కుటుంబము పట్టుచీర కొనదు. చేతిరుమాళ్ళు, తువ్వాళ్ళు, సంచులు, పిల్లల లంగాగుడ్డలు ముందు వరుసలో ఉంచవలెను.

ఆ) పిల్లలకు నాడె విసరవలెనని ముచ్చట. చీర మగ్గము మీద ఆ పని చేయనీయరాదు. తెగిన పోగులు అతుకుటకే పూట గడుస్తుంది. చిన్న చట్రములో ముతక నూలు పడుగు వేసి వేరుగా ఉంచవలెను.

ఇ) అసలు పట్టును కాల్చి చూపండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ళ మధ్య నలుగుతుంది. కృత్రిమపు పోగు కరిగి ఉండగడుతుంది. ఇది చూచేవారికి వినోదము, మనకు పరపతి. సిల్కు మార్కు 2004లోను, చేనేత మార్కు 2006లోను వచ్చినవి. వాటిని కోరి తీసుకోవలెను.

ఈ) మరమగ్గపు గుడ్డను చేనేత అని ఒక్కసారి అమ్మినా ఊరిపేరు చెడుతుంది. ఒకరి కక్కుర్తి పదిమంది కూడు తీస్తుంది.

ఉ) ఆదివారము అంగడి తెరిచిన ఇంట మరొక రోజు సెలవుండవలెను. అమావాస్యకు మగ్గమాపే ఆచారము మనలో చాలాచోట్ల ఉన్నదే. మన బిడ్డలకు కూడ జాతర, కోట, తోట కావలెను. ఊరివారి వినోదానికై మన ఇల్లాండ్రకు విశ్రాంతి లేకుండా చేసుకొనుట తెలివి కాదు.

సాల్టేరువారు గోడలను కాపాడుకొన్నారు. మనకింకా మగ్గము మిగిలియున్నది. మన బిడ్డలు దాని ముందు కూర్చొందురా లేదా అన్నది, అంగడి బల్ల వెనుక ఎవరు కూర్చొందురనే దాని మీద ఆధారపడియున్నది.

సంఘ సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఊరి దారిన సెలవునాడు పోయేవారు ఎక్కడ ఆగుతున్నారు? అక్కడ మన గుడ్డ ఉన్నదా?
2. మీ చీర ధరలో పోగుకెంత, పనికెంత అని కొనేవారికి విడమర్చి చెప్పగలరా?
3. పదిళ్ళవారు కలిసి అంగడి పెడితే లెక్కలు ఎవరు వ్రాయవలెను, ఎవరు తనిఖీ చేయవలెను?