కరెంటు పోయినా పాల టెస్టు ఆగకుండా

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలో, వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. ఇలాంటి డెయిరీలకు పాలు పోసే ఊళ్ళలో పాల కేంద్రం రోజూ రెండు పూటలా తెరవాల్సిందే. రైతు తెచ్చిన పాలకు వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) చూసి రేటు కడతారు. గెర్బర్ పద్ధతిలోనైతే బ్యుటిరోమీటరు అనే గాజు గొట్టంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, పాలు, అమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజులో తిప్పుతారు. చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజుకు కరెంటుతో పనిలేదు. ఇప్పటి అల్ట్రాసోనిక్ ఎనలైజర్ నిమిషం అటూ ఇటూగా ఫలితం చెప్పేస్తుంది, కానీ దానికి కరెంటు కావాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోయినా గేదెల పాలు పిండక తప్పదు. అందుకే ప్రతి కేంద్రంలోనూ ఈ ఎనలైజర్ మిషన్‌కు కరెంటు అందే రెండో దారి, మూడో దారి సిద్ధంగా ఉండాలి.

1. ముందు మిషన్ వెనక చీటీ చదవండి

ఈ మిషన్లలో చాలావాటికి 12 వోల్టుల డీసీ పిన్ను ఉంటుంది. చీటీ మీద మూడు సంగతులు చూడాలి: ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు లేదా ఆంపియర్లు, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా. మిషన్ గరిష్ఠంగా ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి.

2. లెక్క కట్టండి

మిషన్, ప్రింటరు, కలిపే స్టిర్రర్ అన్నీ కలిపి 36 వాట్లు అనుకుందాం. 12 వోల్టుల మీద అది 3 ఆంపియర్లు. పూటకు రెండు గంటల చొప్పున రోజుకు నాలుగు గంటలు నడిస్తే 12 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకుండా వాడితే ఎక్కువ కాలం మన్నుతుంది. కాబట్టి కనీసం 24 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి. రెండో రోజూ కరెంటు రాకపోవచ్చనుకుంటే దానికి రెట్టింపుది తీసుకోండి.

3. గోడ కరెంటు

230 వోల్టుల లైను నుంచి తీసుకునేటప్పుడు మిషన్‌తో వచ్చిన అడాప్టరే వాడండి. పాల కేంద్రం నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకని మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా ఉండాలి, బోర్డులో కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ ఉండాలి, అడాప్టరు నేల మీద కాకుండా గోడకు ఎత్తులో ఉండాలి. ఇన్వర్టర్ మీద నడిపేటట్టయితే సైన్ వేవ్ ఇన్వర్టరే మేలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టరు పెడితే గుయ్యిమంటూ వేడెక్కుతుంది. జనరేటరైతే స్టార్ట్ చేసి నిలకడగా తిరగనివ్వండి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. దాన్ని గదిలో పెట్టకండి, పొగ ప్రాణాంతకం.

4. బ్యాటరీ

నిండుగా ఛార్జయి, కాసేపు ఊరికే ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.2 చూపిస్తే దాదాపు సగం అయిపోయినట్టు. ప్లస్ వైరులో, బ్యాటరీకి జానెడు దూరంలోపే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. వైరు ఎక్కడ నలిగి షార్టయినా ముందు ఫ్యూజే పోవాలి.

వైరు దగ్గర పిసినారితనం పనికిరాదు. బ్యాటరీ అయిదు మీటర్ల దూరంలో ఉంటే కరెంటు రానూపోనూ పది మీటర్ల రాగి తీగ దాటాలి. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరైతే 3 ఆంపియర్లకు దారిలోనే 1.2 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా మిషన్ దగ్గరకొచ్చేసరికి 11 మిగులుతుంది. మిషన్ లోపల పాలను వేడిచేసే హీటరుకు కరెంటు చాలదు, మిషన్ మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.4 లోపే.

ఛార్జింగప్పుడు ఈ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

5. సోలార్

12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేదానికి లోడు లేనప్పుడు ఎండలో 21, 22 వోల్టులు ఉంటాయి. దాన్ని నేరుగా మిషన్‌కు కలిపితే లోపలి బోర్డు మాడిపోవచ్చు. ప్యానెల్ నుంచి ఛార్జ్ కంట్రోలరుకు, అక్కడి నుంచి బ్యాటరీకి, ఆ తర్వాతే మిషన్‌కు వెళ్ళాలి. ముందుగా కంట్రోలరుకు బ్యాటరీ కలిపి, తర్వాత ప్యానెల్ కలపండి. రోజుకు 144 వాట్ అవర్ల మన లెక్కకు ఎండ బాగా ఉన్న రోజుల్లో 50 వాట్ల ప్యానెల్ సరిపోతుంది. ముసురు రోజులను లెక్కలో పెట్టుకుని 75 వాట్లది బిగించడం మంచిది.

6. బండి బ్యాటరీ

ఏ దారీ లేకపోతే ట్రాక్టరు బ్యాటరీ ఉంది. కానీ ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ 10 కిందికి పడిపోవచ్చు, ఇంజిన్ నడుస్తుంటే 14 దాటుతుంది. కాబట్టి ఇంజిన్ ఆపి, బ్యాటరీ మీదే నడపండి. లారీ బ్యాటరీల జోలికి వెళ్ళవద్దు, లారీల్లో ఎక్కువ భాగం 24 వోల్టుల మీద నడుస్తాయి.

7. మార్చే క్రమం

మిషన్ ఆపండి. పాత ప్లగ్గు తీయండి. మాన్యువల్‌లో ఒప్పుకుంటే తప్ప అడాప్టరు, బ్యాటరీ రెండూ ఒకేసారి తగిలించకండి. కొత్త వైరు చివర, మిషన్‌కు పెట్టకముందే మల్టీమీటరుతో చూడండి: డీసీ 20 రేంజిలో, ఎర్ర తీగ చీటీ ప్రకారం ప్లస్ ఉండాల్సిన చోట. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే వైర్లు తారుమారయ్యాయి. గోడ మీది అంకె దాటి చూపిస్తే పెట్టకండి. అంతా సరిగా ఉంటే ప్లగ్గు పెట్టి, మిషన్ వేడెక్కేదాకా ఆగండి.

8. పాత శాంపిల్‌తో పరీక్ష

మార్చకముందు పరీక్షించిన చివరి పాలు కొంచెం సీసాలో ఉంచుకోండి. వాటినే బాగా కలిపి కొత్త కరెంటు మీద మళ్ళీ పెట్టండి. వెన్న శాతంలో తేడా మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి దాటితే మిషన్ మీద పాలు తీసుకోవడం ఆపి, బ్యుటిరోమీటరు బయటికి తీయండి. పది కిలోల పాలలో 0.3 శాతం తేడా అంటే 30 గ్రాముల వెన్న, అది రోజూ రెండు పూటలా పాలు పోసే రైతు లెక్కలోంచే పోతుంది. సరిపోతే ఆ పూట పాలు ఏ కరెంటు మీద పరీక్షించారో, ప్లగ్గు దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో రిజిస్టరులో రాయండి. రేపు ఎవరైనా తమ రేటు తగ్గిందని అడిగితే ఆ వరుస చూపించవచ్చు.