కీమో రోజున నోట్లో ఐసు ముక్క

"నోరంతా పూసింది సిస్టర్, మజ్జిగన్నం కూడా దిగడం లేదు." కీమో తీసుకునేవారు తరచు చెప్పే మాట ఇది. దీన్ని చిన్న బాధ అనుకోకండి. తిండి తగ్గితే నీరసం వస్తుంది, తర్వాతి డోసు వాయిదా పడవచ్చు.

ఫ్లోరోయురాసిల్ (5-ఎఫ్‌యు) మందును సిరంజితో కొద్ది నిమిషాల్లో ఎక్కిస్తే, నోటిపూత తగ్గించడానికి ఐసు ఉపయోగపడుతుంది. చల్లదనానికి నోటిలోని రక్తనాళాలు సన్నబడి, మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. ఈ మందు రక్తంలో ఎక్కువసేపు నిలవదు గనుక అరగంట చాలు. 1991లో ప్రచురితమైన, అమెరికాలో 93 మందితో జరిపిన పరిశీలనలో ఐసు పెట్టుకున్నవారికి పూత తక్కువగా వచ్చింది.

ఎలా చేయాలి?

1. కాచి చల్లార్చిన నీటితో ఇంట్లోనే ఐసు చేసుకోండి. బండి మీద ఐసు వద్దు. కొల్లిపర నుండి గుంటూరు వెళ్లేవారు శుభ్రమైన ఫ్లాస్కులో తీసుకువెళ్లండి.
2. ఇంజెక్షన్‌కు 5 నిమిషాల ముందు మొదలుపెట్టి, మొత్తం 30 నిమిషాలు చప్పరించండి.
3. ముక్కను నోరంతా తిప్పండి, నమలకండి. కరిగేలోగా మరొకటి వేసుకోండి.

జాగ్రత్త! ఆక్సాలిప్లాటిన్ కూడా ఇస్తుంటే ఐసు వద్దు. చల్లదనానికి గొంతు పట్టేసినట్లవుతుంది. పంపు ద్వారా రెండు రోజులు ఎక్కే మందుకు ఈ పద్ధతి సరిపోదు. కాబట్టి ముందుగా, "నాకిచ్చే మందు ఏది? ఐసు పెట్టుకోవచ్చా?" అని డాక్టరుగారిని అడగండి.

నోటిపూతతోపాటు జ్వరం వస్తే ఇంట్లో ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.