స్వర్ణముఖి బురద - కంప్యూటరు లెక్క

2021 నవంబరు వరదలో స్వర్ణముఖి నీటిని మేము సీసాలో పట్టి ఉంచాం. ఇసుక నిమిషంలో అడుగుకు చేరింది, బురద మర్నాటికీ తేరలేదు. రేణువు వ్యాసం పదోవంతయితే దిగే వేగం నూరోవంతవుతుందని స్టోక్స్ సూత్రం (1851). 0.1 మి.మీ. ఇసుక సెకనుకు సుమారు 8 మి.మీ. దిగుతుంది. 0.001 మి.మీ. బంకమట్టికి మీటరు దిగడానికి పది రోజులు చాలవు.

కంప్యూటరులో నీటిని గళ్లుగా విభజించి నేవియర్-స్టోక్స్ సమీకరణాలు, రేణువులకు న్యూటన్ రెండో సూత్రం వాడతాం. పిడికెడు సన్న ఇసుకలోనే కోట్ల రేణువులు! అందుకే వేల రేణువులకు ఒక ప్రతినిధి, మన గదికొక లీడరులాగా.

చెరువు పూడికను లెక్కించేటప్పుడు, సులువని రేణువులన్నీ ఒకే సన్నని సైజనుకున్నాం. తెరమీద పూడికంతా కట్ట దగ్గరికే చేరింది. ఉపాధి పనిలో చెరువు మట్టి తవ్వే మా నాన్న విని నవ్వాడు. “ఇసక వంక దిగేకాడే నిలస్తాది, కట్టకాడికొచ్చేది ఒండ్రు గదా నాయనా!”

ఇసుక, ఒండ్రు, బంక అని మూడు సైజులు పెట్టి మళ్లీ నడిపాం. ఇసుక వంక దగ్గరే ఆగింది.