ధనుర్మాసపు నిద్ర



అరిసెల డబ్బాను తండ్రిగారి కంటపడకుండా అటక మీద దాచడం ఆయన మధుమేహానికి పరిష్కారం కాదు. సంక్రాంతి వారంలో తండ్రిగారి రక్తంలో చక్కెర ఎందుకు అదుపు తప్పుతోందనీ, పిండివంటలు పూర్తిగా మాన్పించవచ్చా అనీ నర్సింగ్ చదువుతున్న చిరంజీవి తన ఉత్తరంలో రెండు పుటలు నింపింది. కనుమ వెళ్లగానే తల్లిగారు ఏటా తలనొప్పితో మంచం పడుతున్నారన్న సంగతిని మాత్రం చివర ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ రెండు పుటలకంటే ఈ ఒక్క వాక్యమే బరువైనది. రోగి పక్కన నిలబడడం నేర్చుకుంటున్న పిల్ల దానిని చివరికి నెట్టినందుకు కొంత మందలింపు తప్పదు.

తండ్రిగారి విషయం ముందుగా, క్లుప్తంగా. బెల్లంతో చేసినది కనుక అరిసె హాని చేయదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది గానీ, బెల్లంలో అధిక భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండే చక్కెరే. కొద్దిపాటి ఖనిజాలు అదనంగా ఉన్నా, మధుమేహ రోగికి ఈ రెండింటి మధ్య తేడా నామమాత్రమే. అయినా పూర్తి నిషేధం మంచిది కాదు, ఎందుకంటే నిషేధించిన ఇంట్లో చాటుగా తిన్నదానికి లెక్క ఉండదు. అరిసె తిన్న పూట అన్నం తగ్గించి, భోజనమైన తరువాత కాసేపు నడిచే పద్ధతి అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నిజంగా భయపడవలసినది చక్కెర పెరిగే పూట గురించి కాదు, పడిపోయే పూట గురించి. పెద్దలకు బట్టలు పెట్టి, పూజ ముగించేదాకా ఏమీ తినని మనిషి గ్లిమిపిరైడ్ వంటి మాత్రను మాత్రం ఎప్పటి వేళకే వేసుకుంటే, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గిపోవచ్చు. ఈ స్థితినే హైపోగ్లైసీమియా అంటారు. చెమటలు, వణుకు, చిరాకు దాని గుర్తులు. పండగ హడావుడిలో ఆ చిరాకును కోపమని పొరబడి ఇంట్లోవాళ్లు పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. అప్పుడు చేతికందిన అరిసె పెట్టడం కూడా సరికాదు, అందులోని నూనె చక్కెరను త్వరగా రక్తంలోకి చేరనివ్వదు. 15 గ్రాముల గ్లూకోజ్ గానీ, మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు గానీ ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. ఆ రోజు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో పండగకు ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తక్కిన జాగ్రత్తలు చిరంజీవి తరగతిలో విన్నవే కనుక వాటిని ఇక్కడ తిరగరాయడం అనవసరం.

ఇక తల్లిగారి సంగతి. ఆమె అనారోగ్యం కనుమ మరునాడు పుట్టినది కాదు. డిసెంబరు 16 ప్రాంతంలో, ధనుర్మాసం మొదలైన నాడే దానికి బీజం పడుతోంది. తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలు నిలిపే ఆచారం ఒక పూర్తి దినచర్యలో సగం మాత్రమే. దీపాలు పెట్టిన కాసేపటికే భోజనాలు ముగించి, ఎనిమిదింటికల్లా ఊరంతా సద్దుమణగడం ఆ దినచర్యలో రెండో సగం. ఎనిమిదింటికి పడుకున్న ఇల్లాలు నాలుగింటికి లేస్తే ఆమెకు ఎనిమిది గంటల నిద్ర దక్కేది. ఈనాటి ఇళ్లలో లేచే వేళ పాతదే, పడుకునే వేళ మాత్రం కొత్తది. భర్త ఆలస్యంగా ఇల్లు చేరడం, పిల్లల చదువులు, టీవీ, ఫోను అన్నీ ముగిసి వంటింట్లో దీపం ఆరేసరికి పదకొండు దాటుతుంది. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతుండగా, ఐదు గంటలే పడుకునే మనిషికి ముప్పై రోజుల్లో 60 గంటల లోటు ఏర్పడుతుంది. ఆ లోటుతోనే ఆమె భోగి నాటికి చేరుకుంటుంది, అసలు పని అప్పుడు మొదలవుతుంది.

పూర్వులు ఈ విషయాన్ని ఎరగనివారు కారు. చరకసంహిత దేహాన్ని నిలబెట్టే మూడు ఊతలుగా ఆహారాన్నీ, నిద్రనూ, బ్రహ్మచర్యాన్నీ చెప్పింది. నిద్రకు ఆహారం పక్కనే చోటిచ్చింది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఋతుచర్య, అంటే ఋతువును బట్టి నడుచుకోవలసిన తీరు, వివరిస్తూ, హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందనీ, రాత్రులు దీర్ఘమైనవి కనుక మనిషి ఆకలితోనే నిద్ర లేస్తాడనీ అన్నాడు. నువ్వులు, నెయ్యి, కొత్త బెల్లం, కొత్త బియ్యంతో చేసే సంక్రాంతి వంటలు ఆ ఋతువుకు ఎందుకు తగినవో దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ ఆకలి నిండు నిద్ర పోయిన మనిషిది. నిద్ర చాలనివారిలో ఆకలిని నియంత్రించే హార్మోన్లు తారుమారై తీపి మీద, నూనె వంటల మీద కోరిక పెరుగుతుంది కనుక, తండ్రిగారికి కూడా నిద్ర తగ్గుతూ ఉంటే ఆయన చక్కెర అదుపు తప్పడంలో దానికీ వాటా ఉంటుంది.

కనుమ దాకా నిలబడిన మనిషి ఆ తరువాతే ఎందుకు పడిపోతుందన్న ప్రశ్నకు హాన్స్ సెలీ పరిశోధన దారి చూపుతుంది. మాంట్రియల్‌లో పనిచేసిన ఈ శాస్త్రవేత్త 1936లో నేచర్ పత్రికలో ప్రచురించిన చిన్న వ్యాసంతో ఒత్తిడి శాస్త్రానికి పునాది పడింది. దేహం మొదట ఉలిక్కిపడుతుందనీ, తరువాత ఎదురొడ్డి నిలుస్తుందనీ, చివరికి సొమ్మసిల్లుతుందనీ ఆయన మూడు దశలను గుర్తించాడు. రెండో దశలో అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే కార్టిసాల్, అడ్రినలిన్ మనిషిని నిలబెడతాయి, కాలేయం నుంచి చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి, అలసటను కప్పిపుచ్చుతాయి. ఒత్తిడి ఉన్నంతసేపూ రాని మైగ్రేన్ తలనొప్పి, అది సడలిన మరునాడు రావడం వైద్యులు బాగా ఎరిగినదే. చుట్టాలు బస్సెక్కగానే తల్లిగారు పడుకోవడం ఆ మూడో దశ వంటిదే. దానిని దిష్టిగా, వాతంగా కొట్టిపారేయడం అన్యాయం.

దీనికి మందు వంటింట్లోనే ఉంది. అరిసె ఎన్నడూ ఒక్క చేతి వంట కాదు. బియ్యం నానబెట్టి, నీరు వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. పాకం చుక్కను నీళ్ల గిన్నెలో వేస్తే చెదరకుండా మెత్తటి ఉండలా చేతికి రావాలి, ఆ క్షణం దాటితే అరిసె గట్టిపడుతుంది. అప్పుడు ఒకరు పిండి పోస్తుండగా మరొకరు ఉండకట్టకుండా కలపాలి, కాగిన నూనెలోంచి తీసినదానిని ఇంకొకరు వేడి మీదే చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. ఇది కనీసం ముగ్గురి పని కనుకనే వాడలోని స్త్రీలు వంతులు వేసుకొని ఈ రోజు ఒక ఇంట్లో, రేపు మరొక ఇంట్లో కలిసి వండేవారు. తెలంగాణలో గుడ్డ పరిచి చుట్టూ కూర్చుని సకినాలు చుట్టడం కూడా ఈ పద్ధతే. ఆ పదిమంది చేతులు పోయి, వంటల జాబితా మాత్రం అలాగే మిగిలినప్పుడు పండగ ఒక్క మనిషి నడుము మీద పడుతుంది. జాబితాను తగ్గించాలి, లేదా చేతులను పెంచాలి. మూడో దారి లేదు. అరిసెలు ఇంట్లో చేసి, జంతికలూ సున్నుండలూ వండి అమ్మే ఇల్లాలి దగ్గర కొనుక్కుంటే సంప్రదాయానికి ఏ లోటూ రాదు. చెక్కలు నొక్కడానికి తండ్రిగారి చేతులూ, తమ్ముడి చేతులూ చక్కగా పనికివస్తాయి.

చిరంజీవి కూడా భోగి ముందురోజు రాత్రి హైదరాబాదులో బయలుదేరి, పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాల బారులో గంటలు గడిపి, దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో నీళ్లు మానేసి, మూత్రనాళంలో మంటతో ఇల్లు చేరే అలవాటు మానుకోవాలి. సెలవు నాలుగు రోజులు ముందుకు జరుపుకుని వస్తే ఆ ప్రయాణ బాధ తప్పుతుంది, తల్లిగారికి రెండు చేతులు అందుతాయి.  

ఈ ధనుర్మాసంలో తల్లిగారు తొమ్మిదింటికల్లా పడుకునే ఏర్పాటును చిరంజీవి ఫోనులోనే తండ్రిగారితోనూ తమ్ముడితోనూ మాట్లాడి చేయించాలి. రాత్రి గిన్నెల పని వారిద్దరిదీ కావాలి. అయినా కనుమ తరువాత నీరసం రెండు వారాలు దాటితే దానిని అలసటగా వదిలేయకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తండ్రిగారి చక్కెర పరీక్షకు వెళ్లే రోజే తల్లిగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లి, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఆ ఫలితాలు జవాబులో రాయవలసింది.