మీకు తెలుసా? ప్రపంచంలో పిల్లల హోమ్‌వర్క్ కథ



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న మార్కుల గురించి కాదు. "మేడమ్, రెండో తరగతికి వచ్చినా రాసే హోమ్‌వర్క్ ఇంత తక్కువ ఇస్తున్నారేంటి? పక్కింటి పాప రోజూ నాలుగు పేజీలు రాస్తోంది" అని అడిగారు. కొందరు కాస్త కోపంగా అడిగారు. ఎక్కువమంది మాత్రం భయంగా అడిగారు. మా బాబు వెనకబడిపోతాడేమో అన్న భయం అది. ఫీజు కడుతున్నారు, పిల్లల్ని మా చేతుల్లో పెడుతున్నారు. కాబట్టి ఈ ప్రశ్నకు సరైన జవాబు మీకు అందాలి.

ముందుగా ఒక చిన్న క్విజ్. ఆదివారం టిఫిన్ దగ్గర ఇంట్లో అందరూ కలిసి ప్రయత్నించండి.

1. ప్రైమరీ పిల్లలకు ఇంటి దగ్గర రాసే పని ఇవ్వకూడదని 1956లోనే ఆదేశించిన దేశం ఏది?
2. రాత్రి 10 దాటాక ట్యూషన్ సెంటర్లు నడపకూడదనే నిబంధన ఉన్న రాజధాని నగరం ఏది?
3. ఒకటి, రెండు తరగతులకు రాత హోమ్‌వర్క్ వద్దని 2021లో చెప్పిన పెద్ద దేశం ఏది?
4. స్కూల్ బ్యాగుల బరువు గురించి రాజ్యసభలో మాట్లాడిన ప్రసిద్ధ రచయిత ఎవరు?

జవాబులు కింద వరుసగా వస్తాయి.

ఫ్రాన్స్: నిషేధం ఉన్నా ఆగని హోమ్‌వర్క్

మొదటి జవాబు ఫ్రాన్స్. అక్కడి విద్యాశాఖ 1956 డిసెంబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. చిన్న పిల్లలు బడిలో ఆరు గంటలు కూర్చున్నాక ఇంటికెళ్లి మళ్లీ రాయడం వల్ల లాభం తక్కువ, అలసట ఎక్కువ అన్నది దాని సారాంశం. చదువుకోవడం, పద్యాలు అప్పజెప్పడం లాంటివి ఇవ్వవచ్చు, రాత పని మాత్రం వద్దు అన్నారు. తమాషా ఏమిటంటే, ఆ మాటను 1994లో మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది. నేటికీ అక్కడ చాలా స్కూళ్లలో పిల్లలు రాత పని ఇంటికి తెచ్చుకుంటూనే ఉన్నారు. నోట్‌బుక్‌లో పేజీ నిండితేనే చదువు జరిగిందన్న నమ్మకం మనకొక్కరికే ఉన్నది కాదన్నమాట.

దక్షిణ కొరియా: గంటలు ఎటు పోయాయి?

రెండో జవాబు సియోల్, దక్షిణ కొరియా రాజధాని. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవాలి.

వివిధ దేశాల్లో 15 ఏళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్ష గురించి మీరు వినే ఉంటారు. 2012లో ఆ పరీక్షతో పాటు, వారానికి ఎన్ని గంటలు హోమ్‌వర్క్ చేస్తారని కూడా పిల్లల్ని అడిగారు. చైనాలోని షాంఘై పిల్లలు సుమారు 14 గంటలు అన్నారు. ఫిన్లాండ్, కొరియా పిల్లలు మాత్రం 3 గంటలకన్నా తక్కువే అన్నారు. గణితంలో షాంఘై మొదటి స్థానంలో నిలిచింది. కానీ ఫిన్లాండ్, కొరియా కూడా సగటు కంటే బాగా పైనే ఉన్నాయి.

అలాగని హోమ్‌వర్క్ తగ్గితే చాలు, పిల్లలకు విశ్రాంతి దొరికినట్టే అనుకోకూడదు. కొరియాలో స్కూల్ అయ్యాక చాలామంది పిల్లలు హగ్వాన్ అనే ప్రైవేటు కోచింగ్ సెంటర్లకు వెళ్తారు. రాత్రి 10 తర్వాత అవి నడవకూడదని సియోల్‌లో నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఫిన్లాండ్‌లో పిల్లలు ఏడేళ్లు వచ్చే సంవత్సరంలో ఒకటో తరగతిలో చేరతారు, ప్రైవేటు కోచింగ్ అలవాటు చాలా తక్కువ. హోమ్‌వర్క్ గంటలు రెండు చోట్లా దాదాపు ఒకటే, బాల్యాలు మాత్రం వేరు. అందుకే ఎన్ని పేజీలు అని లెక్కపెట్టడం కంటే, బడి అయ్యాక పిల్లల సమయం దేనికి పోతోందో చూడటం ముఖ్యం.

చైనా: వెనక్కి తిరిగిన బండి

మూడో జవాబు చైనా. హోమ్‌వర్క్‌లో అందరికంటే ముందున్న షాంఘై ఉన్న దేశమే 2021 జులైలో కొత్త విధానం తెచ్చింది. ఒకటి, రెండు తరగతులకు రాత హోమ్‌వర్క్ ఉండకూడదు. మూడు నుంచి ఆరు తరగతుల వరకు సగటున రోజుకు 60 నిమిషాలు దాటకూడదు. చదువు భారం, ట్యూషన్ల భారం రెండూ తగ్గించాలని తెచ్చిన విధానం ఇది.

మన దేశం: మాల్గుడి రచయిత మాట

నాలుగో జవాబు చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. "మాల్గుడి డేస్" రాసిన ఆర్.కె. నారాయణ్ గారు! రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన పిల్లల వీపు మీది పుస్తకాల బరువు గురించి మాట్లాడారు. తర్వాత శాస్త్రవేత్త యశ్‌పాల్ గారి అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. "లెర్నింగ్ వితౌట్ బర్డెన్" పేరుతో 1993లో వచ్చిన ఆ నివేదిక, ప్రైమరీ పిల్లలకు మామూలు హోమ్‌వర్క్ వద్దనీ, ఇంటి పరిసరాల్లో చూసి తెలుసుకునే పనులు మాత్రమే ఇవ్వవచ్చనీ చెప్పింది.

2018లో మద్రాస్ హైకోర్టు కూడా ఒకటి, రెండు తరగతులకు హోమ్‌వర్క్ వద్దంది. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం:

- 1, 2 తరగతులు: హోమ్‌వర్క్ లేదు
- 3 నుంచి 5 తరగతులు: వారానికి 2 గంటలకు మించకూడదు
- 6 నుంచి 8 తరగతులు: రోజుకు 1 గంటకు మించకూడదు
- బ్యాగ్ బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు

మూడో తరగతికి చూడండి. అది రోజుకు కాదు, వారానికి 2 గంటలు.

మరి హోమ్‌వర్క్ దండగేనా?

కాదు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హారిస్ కూపర్ హోమ్‌వర్క్ మీద జరిగిన అనేక పరిశోధనలను కలిపి పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఏడో తరగతి నుంచి పై పిల్లల్లో హోమ్‌వర్క్‌కూ మార్కులకూ మధ్య స్పష్టమైన సంబంధం కనిపించింది. చిన్న తరగతుల్లో అది చాలా బలహీనంగా ఉంది. అమెరికాలో చాలామంది టీచర్లు పాటించే లెక్క ఒకటుంది: తరగతికి 10 నిమిషాలు. అంటే మూడో తరగతికి 30 నిమిషాలు, ఆరో తరగతికి గంట. పెద్ద పిల్లలకు సొంతంగా కూర్చుని సాధన చేసే అలవాటు తప్పకుండా కావాలి. పాలు తాగుతూ కునికిపాట్లు పడే ఆరేళ్ల పిల్లకు కావాల్సింది వేరు.

నేను నేర్చుకున్న పాఠం

నేను టీచర్‌గా చేరిన మొదటి సంవత్సరం, అడిగినవారిని కాదనలేక, రోజూ రెండు పేజీలు ఇచ్చేదాన్ని. ఒక పాప హోమ్‌వర్క్ ముత్యాల్లా ఉండేది. ప్రతిరోజూ స్టార్ పెట్టేదాన్ని. మొదటి యూనిట్ టెస్ట్‌లో ఆ పాప ఐదు పదాలు కూడా రాయలేదు. "ఇంట్లో బాగానే రాస్తున్నావు కదమ్మా?" అని అడిగితే, "అమ్మ చెయ్యి పట్టుకుని రాయిస్తుంది మిస్, నాకు నిద్రొస్తే అమ్మే రాసేస్తుంది" అంది.

ఆ అమ్మ తప్పేమీ లేదు. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, రాత్రి తొమ్మిదింటికి నా రెండు పేజీలు పూర్తి చేయించింది. తప్పు నాది. మూడు నెలలపాటు నేను అమ్మ చేతిరాతకు స్టార్లు పెట్టాను. పాపకు అక్షరాలు ఎక్కడ తడబడుతున్నాయో నాకు తెలియకుండా పోయింది.

అందుకే మీకు నా విన్నపం: దయచేసి పిల్లల బదులు మీరు రాయకండి. రాయలేకపోతే ఖాళీ పేజీ పంపండి. డైరీలో "20 నిమిషాలు కూర్చుంది, రెండో లైన్ దగ్గర ఆగిపోయింది" అని తెలుగులోనైనా సరే, ఒక్క ముక్క రాయండి. ఆ ఒక్క మాటతో మరుసటి రోజు ఏం నేర్పాలో నాకు తెలుస్తుంది. నిండిన పేజీ ఆ సాయం చేయలేదు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఇంట్లో చేయదగినవి

- పడుకునే ముందు 10 నిమిషాలు కథ. ఇంగ్లిషే కానక్కర్లేదు. నానమ్మ, అమ్మమ్మ తెలుగులో చెప్పినా కథలో ముందేం జరిగిందో, ఎందుకు జరిగిందో గుర్తుపెట్టుకోవడం పిల్లలు నేర్చుకుంటారు. ఆ అలవాటే రేపు ఇంగ్లిష్ పాఠంలోనూ పనికొస్తుంది.
- కూరగాయల సంచి ఖాళీ చేయించండి. టమాటాలు లెక్కపెట్టించండి, పెద్దవీ చిన్నవీ వేరు చేయించండి.
- చపాతీ పిండి ముద్దలు చేయించండి, చొక్కా గుండీలు వాళ్లనే పెట్టుకోనివ్వండి. పెన్సిల్ పట్టుకునే వేళ్లకు అది మంచి వ్యాయామం.
- "ఈరోజు ఎన్ని మార్కులు?" బదులు "ఈరోజు మిస్‌ని ఏం అడిగావు?" అని అడిగి చూడండి.

వచ్చే మీటింగ్‌కు పిల్లల నోట్‌బుక్‌తో రండి. పేజీలు నిండాయా లేదా అని కాకుండా, మొదటి నెల రాతకూ ఈ నెల రాతకూ తేడా ఏమిటో ఇద్దరం కలిసి చూద్దాం.